సేఫ్టీ వాల్వుకు కట్టిన ముడుపులు

నా సర్వీసు మొత్తంలో నేను ఒకే ఒక మనిషి మీద చెయ్యి చేసుకున్నాను. ఆ క్షణంలో ఆ మనిషి నా ప్రాణం కాపాడుతున్నాడు. నాదే కాదు, అడ్డంగా కట్టిన తాడు అవతల వరసగా కూర్చోబెట్టిన బడిపిల్లల ప్రాణాలు కూడా. ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకు సగమే తెలుసు. రిటైరై ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకుని కూర్చున్న ఈ వయసులో మిగతా సగం దాచుకుని ఏం చేస్తాను? ఐటీఐ చదివి కొత్తగా వర్క్‌షాపుల్లో చేరే పిల్లలు ఒక్కరు చదివినా చాలు. మిగతావాళ్ళు నవ్వుకున్నా సరే.

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళు అయి ఉంటుంది. అప్పటికి భద్రాచలం, కొత్తగూడెం అన్నీ ఖమ్మం జిల్లాలోనే. వ్యవసాయ యంత్రాలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో నేను ఫోర్‌మన్‌ని. ములకలపల్లి దగ్గర రైతుల మేళా పెడుతున్నారని తెలిసి మా పెద్ద సారుకు ఒక ఆలోచన వచ్చింది. కొత్త యంత్రాలు ఎలాగూ కంపెనీలవాళ్ళు తెస్తారు, మనం పాతవాటిని బాగుచేసి నడిపి చూపిద్దాం అన్నాడు. సారుకు ఆలోచన రావడం అంటే మాకు ఆదివారాలు పోవడం. అయినా ఈసారి ఎవరమూ గొణగలేదు. పాత ఇనుము మీద పనిచేయడమంటే మెకానిక్‌కు అత్తారింటి భోజనమే.

రెండు ట్రాక్టర్లు దొరికాయి. ఒకటి సత్తుపల్లి వైపు ఒక రైతు కొట్టంలో ఉంది, దాని సీటు కింద కోడి గుడ్లు పెట్టింది. ముందు హ్యాండిల్ తిప్పి పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలు మీదికి మార్చే రకం. పిస్టన్లు పట్టేసి ఉంటే డీజిలు పోసి వారం రోజులు నానబెట్టాం. మా వెల్డర్ మడ్‌గార్డులకు అతుకులు వేసి, ఎర్ర రంగు కొట్టి, పెళ్ళికొడుకులను చేశాడు. ఆ రెండూ మేళాలో బుద్ధిగానే నడిచాయి. నా కథ వాటి గురించి కాదు.

మూడోది ఆవిరి ఇంజను. ములకలపల్లి అవతల అడవి అంచున, ఎప్పుడో మూతపడిన కట్టెకోత మిల్లు జాగాలో పిచ్చిచెట్ల మధ్య పడి ఉంది. నాలుగు ఇనుప చక్రాల మీద పడుకున్న బాయిలర్, పైన పెద్ద చక్రం, పొగగొట్టం. ఇనుము అమ్ముకునేవాళ్ళు కూడా మోయలేక వదిలేసిన సరుకు. మేం గొలుసులు వేసి లాగబోతుంటే వెనక నుంచి ఒక మాట వినపడింది.

“అట్ల గుంజొద్దు సారు. ముందు కింద మూత తియ్యున్రి. మడ్డంత పోతది, అల్కగైతది.”

అరవై దాటిన మనిషి. భుజాన గొడ్డలి, కాళ్ళకు చెప్పుల్లేవు. పక్క కోయగూడెం ఆయన. పడుచుతనంలో ఆ మిల్లులో ఈ ఇంజనుకే మంట పెట్టేవాడట. మిల్లు మూశాక ఇంత పోడు చేసుకుంటూ, ఎండాకాలం తునికాకు కోస్తూ, సారపాక కాగితం మిల్లుకు పోయే లారీలకు జామాయిల్ కట్టె ఎత్తుతూ బతుకుతున్నాడు. ఆయన చెప్పినట్టే మూత తీశాం. రెండు బండ్ల మడ్డి కారింది. ఇంజను కదిలింది.

ఆ రోజు నుంచి రెండు నెలలు ఆయన మాతోనే ఉన్నాడు. రోజుకూలి మీద పెట్టుకున్నాం గానీ నిజానికి మేమే ఆయన దగ్గర కూలీలం. ఏ గొట్టం ఎక్కడికి పోతుందో, ఏ మర ఎటు తిప్పాలో ఆయన వేళ్ళకు గుర్తుంది. పుస్తకం లేని యంత్రానికి ఆయనే పుస్తకం. మా వెల్డర్ ఊరికే ఉండే రకం కాదు. “అన్నా, నీ ఫోర్‌మన్ కుర్చీ ఈ పెద్దాయనకిచ్చి నువ్వు గొడ్డలి పట్టుకపో” అని నన్ను ఆటపట్టించేవాడు.

పెద్దాయన అడిగింది ఒకటే. ఒకరోజు అన్నం తినేటప్పుడు చెప్పాడు.

“మేళా రోజు నేనే మంట పెడత సారు. నా ఇంటిదాన్ని తోల్కొస్త. నేను ఇంజను నడిపిన్నంటె అది నమ్మది.”

“ఎందుకు నమ్మదు?”

“దాన్ని చేసుకునేటాలకే మిల్లు మూసిన్రు. ముప్పై ఏండ్ల సంది చెప్తున్న. ముప్పై ఏండ్ల సంది నవ్వుతది.”

“నువ్వే పెడుదువుగానీలే” అన్నాను. మాట ఇవ్వడానికి ఖర్చేముంది?

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఆ బాయిలర్ మీద సేఫ్టీ వాల్వు ఒకటి ఉంది. దాని మీద అడ్డంగా రెండు మూరల ఇనుప చెయ్యి. చెయ్యి మధ్యలో ఒక ఇనుప గుండు. లోపల ఆవిరి ఒత్తిడి గుండు బరువును మించితే చెయ్యి లేస్తుంది, ఎక్కువైన ఆవిరి రొద చేస్తూ బయటికి పోతుంది. చెయ్యి లేవకపోతే ఆవిరికి దారి లేదు. అప్పుడు బాయిలరే పగిలి దారి ఇస్తుంది. మేం బాయిలర్ నిండా నీళ్ళు నింపి తొంభై పౌండ్ల ఒత్తిడి పెట్టి పరీక్ష చేశాం. పాత రేకు కాబట్టి అరవై దాటి నడపకూడదని అనుకుని, సరిగ్గా అరవైకి చెయ్యి లేచేలా గుండును బిగించాం.

గుండు బిగించిన రోజున పెద్దాయన నా దగ్గరికి వచ్చి, “సారు, ఈ చెయ్యికి ఏం తగిలియ్యద్దు. తువ్వాల గూడ ఎయ్యద్దు” అన్నాడు.

నేను నవ్వాను. పాతికేళ్ళ సర్వీసున్న ఫోర్‌మన్‌కు సేఫ్టీ వాల్వు గురించి పాఠమా అనిపించింది. “నాకు తెలుసులే పెద్దాయనా” అన్నాను. తెలుసు కూడా. అదే ఇప్పటికీ నాకు మింగుడుపడని విషయం.

మేళాకు ముందురోజు పెద్ద సారు మైదానానికి వచ్చాడు. ఇంజను చుట్టూ తిరిగి మెచ్చుకున్నాడు. తర్వాత పెద్దాయనను చూపించి నన్ను పక్కకు పిలిచాడు.

“ఏమయ్యా, రేపు పెద్దపెద్దవాళ్ళొస్తున్నారు. చెప్పుల్లేకుండా ఈ ముసలాయన ఇంజను దగ్గర నిలబడితే ఫొటోలో ఏం బాగుంటుంది? బాయిలర్ లైసెన్సున్న మనిషిని పిలిపిస్తున్నా. అతను చూసుకుంటాడు.”

రూలు ప్రకారం సారు మాటలో తప్పు లేదు. లైసెన్సున్న మనిషి ఉండాల్సిందే. కానీ అతని పక్కన పెద్దాయనను నిలబెట్టుకోవద్దని ఏ రూలూ చెప్పదు. ఆ ముక్క నేను అనొచ్చు. అనలేదు. “సరే సార్” అన్నాను. నాకు అప్పట్లో ఆ మాట బాగా అలవాటు.

పెద్దాయనకు చెప్పడం కూడా నా వంతే అయింది. ఆయన బాయిలర్ కింద పొయ్యిలో కట్టెలు పేరుస్తున్నాడు. చెప్పాను. చేతిలో ఉన్న కట్టెను లోపలికి పెట్టాడు.

“సరె సారు. చూడనన్న చూడొచ్చు గద?”

“తాడు కట్టిస్తాం. తాడు అవతల నుంచి చూడు. మీ ఇంటామెను కూడా తీసుకురా.”

ఆయన పేర్చాల్సిన కట్టెలు మొత్తం పేర్చి వెళ్ళాడు.

ఇక ఆ రోజు. మా వర్క్‌షాపులో ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద రిపేరు చేసిన ఏ యంత్రాన్నైనా మొదటిసారి నడిపే ముందు ముడుపు కడతాం. పసుపు గుడ్డలో కొబ్బరికాయ, రూపాయి బిళ్ళ, నాలుగు అక్షింతలు పెట్టి మూటకట్టి, మనసులో మొక్కుకుని యంత్రానికి వేలాడదీస్తాం. ట్రాక్టరైతే స్టీరింగుకు, లేత్ మిషనైతే హ్యాండిలుకు. యంత్రం చక్కగా నడిచాక విప్పి ఆ కాయ కొట్టుకుని తింటాం. నేను చేరకముందు నుంచీ ఉన్న పద్ధతి.

పొద్దున్నే ఇంజనును కడిగి పసుపు రాశాం. పొగగొట్టానికి పసుపు, చక్రాలకు పసుపు, చివరికి ఒత్తిడి చూపించే గేజి అంచుకు కూడా పసుపు రాసి, అద్దం మీద కుడివైపున పావలా బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టాడు మా వెల్డర్. పూలదండ వేశాం. ముడుపు ఎక్కడ కట్టాలన్నది ప్రశ్న. పైచక్రం తిరుగుతుంది. పొగగొట్టం కాలుతుంది. తిరగకుండా, కాలకుండా, చక్కగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నది ఒక్కటే. వాల్వు చెయ్యి. దాని చివర గాడి కూడా ఉంది.

మొదటి ముడుపు నేనే కట్టాను. కళ్ళు మూసుకుని మొక్కుకున్నాను. నేను కట్టడం చూసి వెల్డర్ కట్టాడు. ఆ తర్వాత ఫిట్టర్లు, పెయింటర్, డ్రైవర్, అందరూ కట్టారు. లైసెన్సు మీద వచ్చిన మనిషి కూడా, “నాదొకటి కట్టనా అన్నా” అని అడిగి కట్టాడు. మొత్తం పదమూడు. చూడ్డానికి పండగలా ఉంది. ఫొటో తీయించుకున్నాం.

పెద్దాయన తువ్వాల కూడా వద్దన్నాడు గదా, గుర్తు రాలేదా అని మీరు అడుగుతారు. గుర్తుంది. గుర్తుండే కట్టాను. తువ్వాల వేరు, కొబ్బరికాయ వేరు అనుకున్నాను. తువ్వాల మనిషిది, దానికి బరువుంటుంది. దేవుడి పేరు మీద కట్టినదానికి కూడా బరువుంటుందని పదమూడు మంది మెకానిక్కుల్లో ఒక్కడికీ తోచలేదు. రోజూ పానాలు పట్టుకుని, చెయ్యి ఎంత పొడవైతే బిగువు అంత ఎక్కువని పిల్లలకు నేర్పేవాళ్ళం మేము.

పదిన్నరకు మంట పెట్టాం. పదకొండు దాటేసరికి పెద్దవాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. మైకులో పెద్ద సారు చెబుతున్నాడు, ఇప్పుడు ఇంజను ఊపిరి వదులుతుంది, ఆవిరి పైకి లేవడం అందరూ చూడండి అని. తాడు అవతల ముందు వరుసలో ఆశ్రమ బడి పిల్లలను కూర్చోబెట్టారు. వాళ్ళ వెనకాల పెద్దాయన, ఆయన పక్కన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన భార్య.

గేజి ముల్లు అరవైకి వచ్చింది. వాల్వు లేవలేదు. అరవై దాటి ముల్లు కుంకుమ బొట్టు వెనక్కి వెళ్ళిపోయింది. ఇక అది కనబడదు.

లైసెన్సు మనిషి నా వైపు చూశాడు. “ఏంది అన్నా, ఇంక లేస్తలేదు?”

నేను అన్న మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “ఆవిరి చాల్లేదు. ఇంకో రెండు కట్టెలెయ్యి.”

వేశాడు. ఇంకో రెండు కూడా వేశాడు. బాయిలర్ లోపల నుంచి సన్నగా ఒక మోత మొదలైంది. నేను దాన్ని మంచి శకునం అనుకున్నాను.

అప్పుడు తాడు కింద నుంచి ఎవరో దూరి రావడం కనిపించింది. పెద్దాయన. నడుముకు చెక్కుకున్న చిన్న కొడవలి తీసి చేతిలో పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. ఒక్క మాట లేదు. ఇంజను చక్రం మీద కాలు పెట్టి ఎక్కి, ముడుపులను కొడవలితో కోయడం మొదలుపెట్టాడు. ఒక కాయ కింద పడి పగిలింది. ఇంకోటి దొర్లి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది.

“ముడుపులు కోస్తుండు” అని వెల్డర్ అరిచాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నిన్న వద్దన్నానని పగ తీర్చుకుంటున్నాడనుకున్నాను. చొక్కా పట్టుకుని కిందికి లాగి చెంప మీద కొట్టాను. బలంగా కొట్టాను. ఆయన తల పక్కకు తిరిగింది. నా ముఖం వైపు కూడా చూడలేదు. నా చెయ్యి విదిలించుకుని మళ్ళీ చక్రమెక్కాడు. మిగిలిన ముడుపులన్నింటినీ ఎడమ చేత్తో ఒక్కచోటికి పట్టుకుని కొడవలి లాగాడు.

వాల్వు చెయ్యి లేచింది.

ఆ చప్పుడు నేను ఏ వర్క్‌షాపులోనూ వినలేదు. మైదానమంతా తెల్లగా అయిపోయింది. కుర్చీలు పడ్డాయి, పిల్లలు ఏడుస్తూ పరుగెత్తారు, మైకు ఎవరి చేతిలోంచో జారిపోయింది. ఆవిరిలోంచి పెద్దాయన దొర్లి కింద పడ్డాడు. రెండు ముంజేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి.

నేను గేజి దగ్గరికి ఎందుకు వెళ్ళానో తెలియదు. పాతికేళ్ళ అలవాటై ఉంటుంది. బొటనవేలితో ఆ బొట్టు తుడిచాను. వాల్వు తెరుచుకుని అంత ఆవిరి పోయాక కూడా ముల్లు నూరు మీద ఉంది. తొంభై వరకే పరీక్షకు నిలబడ్డ బాయిలర్. నేను చూస్తుండగానే ముల్లు కిందికి దిగుతోంది, నూరు, తొంభై అయిదు, తొంభై. అక్కడే చతికిలబడ్డాను. ఇంత రాసినా ఆ భయం ఎలాంటిదో రాయడం నాకు చేతకావడం లేదు. చావు వచ్చి పక్కన నిలబడితే దానికి ఇంకో రెండు కట్టెలు వేయించిన మనిషిని నేను.

అప్పటికే పెద్ద సారు కానిస్టేబుల్‌ను పిలిచి పెద్దాయనను చూపిస్తున్నాడు. “తాగొచ్చి ముడుపులు కోసి వాల్వు పాడు చేశాడు. ముందు దవాఖానాకు తీసుకుపోయి తర్వాత స్టేషన్‌కు తీసుకుపో.” జీపు ఎక్కించారు. భార్య కోయ భాషలో ఏదో అంటూ వెంట పరుగెత్తి ఎక్కింది. సారు నా దగ్గరకొచ్చి మెల్లగా, “నువ్వేం మాట్లాడకు, రిపోర్టు నేను రాస్తా” అన్నాడు. ఆయనకు గేజి సంగతి తెలియదు. నాకు తెలుసు. అయినా ఆ పూట కూడా నా నోట్లోంచి “సరే సార్” అనే వచ్చింది.

పొయ్యిలో నిప్పు లాగించి, జనం పోయాక, కింద పడ్డ కాయలు ఏరాను. పక్కన ఎరువుల స్టాలులో కాటా ఉంటే తూకం వేశాను. పగిలినవి కూడా వేశాను. గుండు బరువులో సగానికి పైన వచ్చింది, అదీ చెయ్యి కొసకు కట్టిన బరువు. వెల్డర్ పక్కన నిలబడి చూస్తున్నాడు. చివరికి, “అన్నా, మనల్ని మనమే సంపుకునేటోళ్ళం” అని కూర్చుండిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు గదా. ఇక్కడ చేతులు కాలింది ఒకరికి, ఆకులు పట్టుకున్నది ఇంకొకరు.

సాయంత్రం కాకముందే దవాఖానాకు వెళ్ళాను. కానిస్టేబుల్ బయట బల్ల మీద కాగితాలు రాసుకుంటున్నాడు. జరిగింది చెప్పాను. మొదటి కాయ నేనే కట్టానని, కట్టెలు నేనే వేయించానని, కొట్టింది కూడా నేనేనని చెప్పాను. అతను కలం ఆపి నా వైపు చూశాడు.

“గిది రాసిస్తవా సార్? రాసిస్తె నీకే ఎసరు.”

రాసిచ్చాను. పెద్దాయన మీద కేసు లేకుండా పోయింది. నాకు మెమో వచ్చింది, విచారణ జరిగింది, రిటైరయ్యే దాకా ఆ కుర్చీ మీంచి పైకి పోలేదు. దాని గురించి నాకు ఏ ఏడుపూ లేదు. ఈ ముక్క వరకూ మా ఇంట్లో వాళ్ళకు తెలుసు. నేను దేవుడిలాంటి మనిషినని, తప్పు ఒప్పుకున్నానని మా వాళ్ళు ఇప్పటికీ చుట్టాలకు చెప్పుకుంటారు. వాళ్ళకు తెలియని సగం దవాఖానా లోపల ఉంది.

మంచం మీద పెద్దాయన రెండు చేతులకూ కట్లు. నేను కొట్టిన వైపు చెంప వాచి ఉంది. ఆయన భార్య నన్ను చూసి లేచి నిలబడింది.

“కొట్టింది ఈ సారేనా?”

“అవ్” అన్నాడు ఆయన. “మా ఫోర్‌మన్ సారు.”

వంగి కాళ్ళు పట్టుకోబోతే ఆయన కాళ్ళు ముడుచుకున్నాడు. క్షమించమని ఏదో గొణిగాను. ఆయన అదేమీ పట్టించుకోలేదు. ఆయన మనసులో ఇంకేదో ఉంది.

“సారు, అండ్ల నీ కాయ ఏదో నాకు ఎర్క లేదు. అన్ని కోసేసిన. చెప్పేటందుకు టైం లేకుండె. మొక్కు తెగ్గోసుడు మంచిది గాదంటరు.” మళ్ళీ తనే అడిగాడు. “ఏమని మొక్కినవు సారు?”

నేను మొక్కుకున్నది ఇది. ఈ మేళాతో పెద్దవాళ్ళ కంట్లో పడాలి, నాకు ప్రమోషన్ రావాలి. అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఆ పిల్లల గురించి లేదు, ఇంజను గురించి లేదు, ముందురోజు ఆయనకు చేసిన అన్యాయం గురించి అసలే లేదు. కానిస్టేబుల్ ముందు అన్నీ ఒప్పుకుని వచ్చిన మనిషినే, ఆ మంచం దగ్గర అబద్ధం ఆడాను.

“అందరూ బాగుండాలని మొక్కుకున్నా పెద్దాయనా. ఎవ్వరికీ ఏం కావద్దని.”

ఆయన ముఖం తేటపడింది. భార్య వైపు తిరిగి తమ భాషలో ఏదో చెప్పాడు. ఆమె కూడా మెత్తబడి నా వైపు చూసింది. తర్వాత ఆయన కట్లు కట్టిన చేతులు కొంచెం పైకెత్తి దణ్ణం పెట్టినట్టు చేసి నాతో అన్నాడు.

“అయితె నీ మొక్కు చెల్లింది సారు. పోరగాండ్లందరు మంచిగనే ఇండ్లకు పోయిన్రు గద. పోయి కాయ కొట్టు.”